లైన్ బాగా ఆడిందో లేదో ఎలా చెప్పాలి: ఒహాయో స్టేట్ 2024 సీజన్ ముందు పెట్టుకుని

ప్రశ్న: "అన్నా, నేను కొలంబస్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. రూమ్మేట్స్ వల్ల ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ అలవాటైంది. 2024 సీజన్ ఆటలన్నీ మళ్ళీ పెట్టుకుని చూశాను. నవంబర్ 30న మిషిగన్ చేతిలో ఓడిపోయినప్పుడు అందరూ 'ఆఫెన్సివ్ లైన్ పనికిరాదు' అన్నారు. ఏడు వారాలు తిరిగేసరికి అదే లైన్‌తో జాతీయ ఛాంపియన్లు అయ్యారు. నాకేమో ఐదుగురు భారీ మనుషులు తోసుకోవడం తప్ప ఏమీ కనపడదు. లైన్ బాగా ఆడిందో లేదో ఎలా తెలుసుకోవాలి?"

తమ్ముడూ, నువ్వు పట్టుకున్నది అసలైన చిక్కు. ఆ డిసెంబర్‌లో ఈ ఊళ్ళో ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళం కలిసినా ఇదే వాదన.

ముందు సూటిగా జవాబు చెప్తాను. స్కోరు, సాక్‌ల సంఖ్య, మొత్తం రన్నింగ్ యార్డులు కాసేపు పక్కన పెట్టు. బంతి స్నాప్ అయిన (మధ్యవాడు బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టిన) తర్వాత మొదటి రెండున్నర, మూడు సెకన్లు ఆ ఐదుగురినే చూడు. ఆ ప్లేలో వాళ్ళకి అప్పగించిన పని ఏమిటి, ఎదురుగా ఉన్నది ఎవరు అని అడుగు. పని, ఎదుటివాడు తెలియకుండా లైన్‌కి మార్కులు వేయడం ప్రశ్నపత్రం చూడకుండా జవాబులు దిద్దడం లాంటిది. మిషిగన్ ఆటకీ ఛాంపియన్‌షిప్‌కీ మధ్య పెద్దగా మారింది ఆ పనే. అది ఎలాగో కింద వివరంగా రాస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. కొలంబస్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా వాడు హైస్కూల్ జట్టులో ఎడమ గార్డ్‌గా ఆడాడు. వాడు జట్టులో చేరిన ఏడాది ఆటలు వీడియో తీసే పని నేను ఒప్పుకున్నాను. వాడు చదువుకోవడానికి వెళ్ళిపోయాక కూడా ఆరు సీజన్లు ఆ పని వదల్లేదు. శుక్రవారం రాత్రి ఆట, శనివారం పొద్దున్నే లైన్ కోచ్ ఆ వీడియో ముందు కూర్చుని ఒక్కొక్కడికి ప్రతి ప్లేకీ ప్లస్ లేదా మైనస్ వేసేవారు. పక్కన కూర్చుని కాగితం మీద రాసిపెట్టేవాడిని. నాకు తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం ఆ గదిలో నేర్చుకున్నదే.

అందులో ఒక పొద్దున నాకు బాగా గుర్తుంది. ముందురోజు రాత్రి మా జట్టు రన్నర్ నలభై యార్డులకు పైగా పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. స్టాండ్స్‌లో అందరం లేచి అరిచాం. మర్నాడు కోచ్ ఆ ప్లేకి మా వాడికి మైనస్ వేశారు. నాకు అర్థం కాలేదు. ఆయన ఏమీ అనకుండా వీడియో వెనక్కి తిప్పి మా వాడి కుడి పాదం మీద వేలు పెట్టారు. ఆ అడుగు జానెడు దూరం పక్కకి పడాలి. వాడిది వెనక్కి పడింది. అంతే, ఎదుటివాడు మా వాడి భుజం పక్కనుంచి లోపలికి దూరిపోయాడు. బంతి అవతలి వైపు వెళ్ళింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఇంకో ప్లే చూపించారు. రన్ రెండు యార్డులకే ఆగిపోయింది. దానికి ఐదుగురికీ ప్లస్. కుడివైపు సందు తలుపు తీసినట్టు తెరుచుకుని ఉంది, రన్నర్ అటు చూడకుండా జనం ఉన్న చోటికే వెళ్ళాడు. ఆ రోజు నుంచి యార్డులు చూసి లైన్‌ని మెచ్చుకోవడం గానీ తిట్టడం గానీ మానేశాను.

ఐదుగురి సంగతి క్లుప్తంగా: మధ్యలో బంతిని వెనక్కి అందించే సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డ్‌లు, రెండు చివర్లలో ఇద్దరు టాకిల్‌లు. ఎదుటివాళ్ళని అడ్డుకుని రన్నర్‌కి దారి, పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి సమయం ఇవ్వడం వీళ్ళ పని. వీళ్ళు మామూలుగా బంతి పట్టరు, పాస్ అందుకోరు. అందుకే వీళ్ళ పేరు మీద అంకెలేమీ ఉండవు. పేరు వినపడేది ఎప్పుడంటే అంపైర్ పెనాల్టీ వేసినప్పుడు.

వీళ్ళని విడివిడిగా కాకుండా ఒక కట్టుగా చూడాలి. మన వైపు బండలాగుడు పోటీలు చూసే ఉంటావు. ఎద్దులు రెండూ బలమైనవే అయినా ఒకటి అరక్షణం ముందు అడుగేస్తే కాడి వంకర తిరుగుతుంది, బండ పక్కకి జారుతుంది. లైన్‌లో డబుల్ టీమ్ అచ్చంగా అదే. ఉదాహరణకి సెంటర్, ఎడమ గార్డ్ కలిసి ఎదుటి జట్టు మధ్యలో ఉండే నూట నలభై కిలోల డిఫెన్సివ్ టాకిల్‌ని తోస్తారు. ఇద్దరి నడుములూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, మధ్యలో సందు ఉండకూడదు. వాడు రెండడుగులు వెనక్కి పోయాక ఇద్దరిలో ఒకడు వదిలేసి వెనక ఉన్న లైన్‌బ్యాకర్ మీదకి వెళ్ళాలి. తొందరపడి వదిలితే ఆ డిఫెన్సివ్ టాకిల్ రన్నర్‌ని పట్టేస్తాడు. ఆలస్యంగా వదిలితే లైన్‌బ్యాకర్ పట్టేస్తాడు. ఎవరు వదలాలి, ఎప్పుడు వదలాలి అనేది పక్కపక్కన నెలల తరబడి నిలబడితే గానీ రాదు. లైన్‌లో ఒకడికి దెబ్బ తగిలితే ఒక మనిషి మారాడని అనుకుంటాం. నిజానికి అతనికి అటూ ఇటూ ఉన్న రెండు జతలూ చెదిరిపోతాయి.

ఇక లెక్కలు. లెక్కలు వద్దని నేను అనను, ఏ లెక్కలో ఎవరి వాటా ఎంతో తెలిసి వాడాలి.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ముందుగా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. సాక్ అంటే క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే, ప్లే మొదలైన గీత వెనకే డిఫెన్స్ చేతికి చిక్కి పడిపోవడం. అందులో పోయిన యార్డుల్ని కాలేజీలో రన్నింగ్ లెక్కలోంచి తీసేస్తారు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాసింగ్ లెక్కలోంచి తీసేస్తారు. ఒక జట్టు 30 రన్‌లలో 150 యార్డులు సాధించి, రెండు సాక్‌లలో 20 యార్డులు పోగొట్టుకుందనుకో. కాలేజీ స్కోరుషీట్‌లో అది 32 రన్‌లకు 130 అని పడుతుంది. సగటు 5 నుంచి 4కి దిగిపోయింది. నిజంగా రన్ బ్లాకింగ్‌లో, అంటే రన్నర్‌కి దారి చేయడంలో, లోపమేమీ లేదు. కాబట్టి ఏ కాలేజీ జట్టు రన్నింగ్ సగటు చూసినా ముందు సాక్‌లు తీసేసి మళ్ళీ లెక్క వేసుకో.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌తో జరిగిన ఫైనల్ తీసుకో. ఒహాయో స్టేట్ రన్నర్ క్విన్షాన్ జడ్కిన్స్ 11 రన్‌లలో సరిగ్గా 100 యార్డులు చేశాడు, సగటు 9 పైన. చూడగానే లైన్ దున్నేసిందనిపిస్తుంది. అందులో ఒక్క రన్ 70 యార్డులు. అది తీసేస్తే మిగతా పదింటికి 30, అంటే రన్‌కి 3. ఆ 70లో లైన్ వాటా ఎంత? దీనికోసమే లైన్ యార్డ్స్ అనే లెక్క పుట్టింది. అందులో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది: మొదటి 4 యార్డులకి లైన్‌కి పూర్తి మార్కులు, 5 నుంచి 10 వరకు సగం, ఆ తర్వాత ఎంత దూరం పరిగెత్తినా సున్నా, వెనక్కి పోయిన యార్డులకి కాస్త ఎక్కువ కోత. ఆ లెక్కన జడ్కిన్స్ 70 యార్డుల రన్‌లో లైన్‌కి దక్కేది 7. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. మొదటి సందు తెరిచింది లైన్, ఆ తర్వాతి అరవై యార్డులు రన్నర్ కాళ్ళవి, దూరంగా బ్లాక్ చేసిన రిసీవర్లవి.

సగటు కన్నా నేను ఎక్కువ నమ్మేవి రెండున్నాయి. ప్లే మొదలైన గీత దగ్గరే గానీ దాని వెనక గానీ ఆగిపోయిన రన్‌లు ఎన్ని అనేది ఒకటి. మూడో డౌన్‌లో, నాలుగో డౌన్‌లో (పది యార్డులు సాధించడానికి జట్టుకి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కొక్కటి ఒక డౌన్) ఒకటి రెండు యార్డులు కావాల్సి వచ్చినప్పుడు ఎన్నిసార్లు సాధించారనేది ఇంకొకటి. రన్నర్ ప్రతిభతో కప్పిపుచ్చడం ఈ రెండింట్లో కష్టం.

సాక్‌ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్వార్టర్‌బ్యాక్ నాలుగు సెకన్లు బంతి పట్టుకుని నిలబడితే వచ్చిన సాక్ లైన్‌ది కాదు. బ్లిట్జ్‌కి, అంటే అదనంగా క్వార్టర్‌బ్యాక్ మీదకి, వచ్చినవాడిని ఆపాల్సిన రన్నింగ్ బ్యాక్ అటు చూడకపోతే అది కూడా లైన్‌ది కాదు. అలాగే సాక్‌లు లేవంటే లైన్ గొప్పగా ఆడిందనీ కాదు. 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో జరిగిన ఫైనల్‌కి వాషింగ్టన్ లైన్ జో మూర్ అవార్డ్‌తో వచ్చింది. దేశంలో ఉత్తమ ఆఫెన్సివ్ లైన్‌కి, ఒక ఆటగాడికి కాకుండా మొత్తం యూనిట్‌కి 2015 నుంచి ఇస్తున్న అవార్డ్ అది. ఆ రాత్రి మిషిగన్‌కి దొరికింది ఒకే ఒక్క సాక్. కానీ వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్ 51 పాస్‌లు విసిరితే అందినవి 27, రెండు ఇంటర్‌సెప్షన్లు, ఆట 34-13తో పోయింది. మళ్ళీ చూడు, అతను కాళ్ళు నిలదొక్కుకుని విసిరినవి ఎన్ని, ఎవరో మీదకి వస్తుంటే తొందరగా వదిలేసినవి ఎన్ని. సాక్ కాలమ్‌లో ఆ టెన్షన్ కనపడదు. అందుకే ఎన్నిసార్లు పాస్‌కి వెనక్కి తగ్గాడు, అందులో ఎన్నిసార్లు ఒత్తిడి వచ్చింది అని లెక్కపెట్టాలి.

పరిస్థితి కూడా లెక్కలోకి రావాలి. 2024 అక్టోబర్ 12న యూజీన్‌లో ఒహాయో స్టేట్ ఆరెగాన్ క్వార్టర్‌బ్యాక్ డిల్లన్ గేబ్రియల్‌ని ఒక్కసారి కూడా సాక్ చేయలేకపోయింది, 32-31తో ఓడింది. అదే ఆరెగాన్‌ని 2025 జనవరి 1న రోజ్ బౌల్ అనే ప్లేఆఫ్ ఆటలో ఎనిమిదిసార్లు సాక్ చేసి 41-21తో గెలిచింది. ఆరెగాన్ లైన్ పదకొండు వారాల్లో ఆట మరిచిపోయిందా? ఒహాయో స్టేట్ ముందే 34-0కి వెళ్ళిపోయింది. ఇక ఆరెగాన్ పాస్ చేయక తప్పదని మైదానంలో అందరికీ తెలుసు. రన్ వస్తుందేమోనన్న అనుమానం పోయాక డిఫెన్స్ వాళ్ళు కళ్ళు మూసుకుని క్వార్టర్‌బ్యాక్ మీదకే పరిగెత్తుతారు. వెనకబడిన జట్టు సాక్‌లని, సమానంగా సాగుతున్న ఆటలో సాక్‌లని ఒకే గాటన కట్టకు.

ఇప్పుడు చూడటం ఎలాగో చెప్తాను. దీనికి ప్రత్యేకమైన వీడియో అక్కర్లేదు. మామూలు టీవీ ప్రసారంలో రిసీవర్లు ఫ్రేమ్‌లోంచి బయటికి పోతారు గానీ, బంతి గాల్లోకి లేచేదాకా లైన్ మాత్రం కనపడుతూనే ఉంటుంది. ఎండ్‌జోన్ వెనకనుంచి రీప్లే వేస్తే ఇంకా మంచిది, సందులు స్పష్టంగా తెలుస్తాయి.

స్నాప్ ముందు సెంటర్‌ని చూడు. వేలు చూపిస్తూ ఏదో అరుస్తుంటాడు. ఏ లైన్‌బ్యాకర్‌ని లెక్కలో పెట్టుకోవాలో, ఎటువైపు ముగ్గురు తిరగాలో మిగతా నలుగురికి చెప్పేది అతనే. స్నాప్ అవగానే పాదాలు చూడు, తర్వాత నడుము, ఆ తర్వాత చేతులు. మోకాళ్ళు వంచి నడుము కిందకి దించినవాడు గెలుస్తాడు, నిటారుగా లేచినవాడు ఓడతాడు. చేతులు ఎదుటివాడి ఛాతీ మీద లోపలివైపు పడాలి. భుజాల బయట పడ్డాయంటే కాసేపటికి జెర్సీ పట్టుకుని లాగుతాడు, పది యార్డుల హోల్డింగ్ పెనాల్టీ పడుతుంది.

పాస్ ప్లేలో టాకిల్ ఓపిక చూడు. కబడ్డీలో రెయిడర్ కాలు చాపగానే కార్నర్ వాడు తొందరపడి దూకితే ఏమవుతుందో నీకు తెలుసు. ఇక్కడా అంతే. ముందుకి తూలి చేతులు విసిరే టాకిల్‌ని మంచి రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చేవాడు) ఒక్క చెయ్యి కొట్టి దాటేస్తాడు. వెనక్కి జారుతూ, బరువు రెండు కాళ్ళ మధ్య ఉంచుకుని, వాడినే ముందు కదలనిచ్చేవాడే మంచి టాకిల్. ఎదుటివాడు బలంతో గుద్దుకుంటూ వస్తే రెండడుగులు వెనక్కి వెళ్ళినా ఫర్వాలేదు, మూడో అడుగు దగ్గర పాతుకుని ఆగాలి.

అన్నిటికన్నా కష్టమైనది స్టంట్. డిఫెన్స్‌లో ఇద్దరు దారులు మార్చుకుంటారు. బయటివాడు లోపలికి వస్తాడు, లోపలివాడు అతని వెనకనుంచి చుట్టి బయటికి వెళ్తాడు. గార్డ్, టాకిల్ తమ తమ మనుషుల వెంట పడితే ఒకరినొకరు గుద్దుకుంటారు, మధ్యలో క్వార్టర్‌బ్యాక్ దాకా దారి తెరుచుకుంటుంది. మంచి లైన్ ఒకరి మనిషిని ఇంకొకరికి అప్పగించి తన చోట తాను నిలబడుతుంది. ఒక లైన్ కలిసి ఎంతకాలంగా ఆడుతోందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి గుర్తు తెలియదు.

కాలేజీ ఆటలో ఒక మెలిక ఉంది. పాస్ ప్లేలో కూడా లైన్‌మన్ మూడు యార్డుల దాకా ముందుకి వెళ్ళొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. అందుకే కాలేజీలో ఆర్‌పీఓలు ఎక్కువ, అంటే రన్ ఇవ్వాలా పాస్ విసరాలా అని క్వార్టర్‌బ్యాక్ ప్లే నడుస్తుండగా నిర్ణయించుకునే ఆటలు. లైన్‌కి అది అచ్చమైన రన్ ప్లే. పాస్ పడింది కదా అని వాళ్ళకి పాస్ బ్లాకింగ్ మార్కులు వేస్తే తప్పు.

ఇక ఒహాయో స్టేట్ దగ్గరికి వద్దాం.

సీజన్ మొదట్లో ఎడమ టాకిల్ జాష్ సిమన్స్, అతని పక్కన ఎడమ గార్డ్ డోనవన్ జాక్సన్, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్. ఈ మెక్‌లాఫ్లిన్ కథ నువ్వు తెలుసుకోవాలి. 2024 జనవరి 1న రోజ్ బౌల్‌లో అతను అలబామా సెంటర్. ఆ రోజు స్నాప్‌లు పదేపదే గతి తప్పాయి. ఓవర్‌టైమ్‌లో నాలుగో డౌన్, గోల్‌కి మూడు యార్డులు. స్నాప్ కిందకి వచ్చింది, అలబామా క్వార్టర్‌బ్యాక్ మిల్రో పరుగు ఆగిపోయింది, మిషిగన్ 27-20తో గెలిచింది. ఆ ఒక్క బంతికి ఆ కుర్రాడు పడిన మాటలు ఇన్నీ అన్నీ కావు. తర్వాత కొలంబస్ వచ్చాడు, పది ఆటలు ఆడాడు, నవంబర్‌లో ప్రాక్టీస్‌లో మడమ దగ్గర అకిలిస్ తెగి సీజన్ ముగిసింది. అయినా దేశంలో ఉత్తమ సెంటర్‌కి ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ ఆ ఏడాది అతనికే వచ్చింది. లైన్‌మన్‌ని ఒక్క ప్లేతో తూచకూడదని ఎవరైనా నాతో వాదిస్తే నేను అతని పేరే చెప్తాను.

సిమన్స్‌కి అక్టోబర్ 12న ఆరెగాన్ ఆటలోనే మోకాలు పోయింది. తర్వాతి ఆట నెబ్రాస్కాతో. అతని స్థానంలో దిగిన కుర్రాడికి ఆ రోజు చాలా కష్టంగా గడిచింది, చివరికి అతనికీ దెబ్బ తగిలింది. జట్టు మొత్తం 31 రన్‌లకు 64 యార్డులు చేసి 21-17తో బయటపడింది. అప్పుడు జాక్సన్‌ని గార్డ్ నుంచి ఎడమ టాకిల్‌కి జరిపారు. బయటివాళ్ళకి ఒక అడుగు పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. గార్డ్‌ది ఇరుకు సందులో కుస్తీ, అటూ ఇటూ తోడు ఉంటుంది. టాకిల్ ఒక పక్క పూర్తిగా ఖాళీ. అక్కడ తప్పు చేస్తే కాపాడేవాడు లేడు. అడుగు, కోణం, దూరం అన్నీ మారిపోతాయి. పైగా జాక్సన్ టాకిల్‌గా మొదలుపెట్టిన మొదటి ఆట నవంబర్ 2న పెన్ స్టేట్ మైదానంలో. ఎదురుగా అబ్దుల్ కార్టర్, తర్వాతి వసంతంలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట) మూడో స్థానంలో వెళ్ళిన రషర్. చుట్టూ లక్షా పదివేల మందికి పైగా జనం.

ఆ ఆట చివరి డ్రైవ్ లైన్ గురించి నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చూపిస్తాను. ఒహాయో స్టేట్ 20-13 ఆధిక్యంలో ఉంది. పెన్ స్టేట్ గోల్ ముంగిటకి వచ్చి నాలుగు ప్రయత్నాలూ పోగొట్టుకుంది. ఆటలో 5 నిమిషాల 13 సెకన్లు మిగిలాయి. ఒహాయో స్టేట్ తన గోల్ లైన్ పక్కనుంచి మొదలుపెట్టి వరసగా పదకొండు రన్ ప్లేలు ఆడింది, గడియారం ఆగిపోయేదాకా బంతి వదల్లేదు. పాస్ రాదని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ గోలలో క్వార్టర్‌బ్యాక్ అరుపు లైన్‌కి వినపడదు. అలాంటి చోట జట్లు సైలెంట్ కౌంట్ వాడతాయి: గార్డ్ వెనక్కి చూసి సెంటర్‌ని తడతాడు, సెంటర్ తల కదిపి బంతి వదులుతాడు. ఎడమ చివర ఉన్న టాకిల్ పక్క కంటితో బంతినే చూస్తూ కదలాలి. ఒక్క క్షణం ముందు కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఐదు యార్డులు. ఒక్క క్షణం ఆలస్యమైతే కార్టర్ దాటిపోతాడు. నీ మిత్రులు ఆ సీజన్ లైన్‌ని 'పనికిరాదు' అంటే ఈ ఐదు నిమిషాలు పెట్టి చూపించు.

తర్వాత మెక్‌లాఫ్లిన్ గాయం. అప్పటికి ఎడమ గార్డ్‌గా ఆడుతున్న కార్సన్ హింజ్‌మన్ సెంటర్‌కి మారాడు. అతనికి 2023లో సెంటర్‌గా ఆడిన అనుభవం ఉండటం జట్టు అదృష్టం. కానీ ఇప్పుడు ఎడమ గార్డ్‌లో మళ్ళీ కొత్తవాడు. మొదట అనుకున్న ఎడమవైపు ముగ్గురిలో నవంబర్ చివరికి తన మొదటి చోట ఎవరూ లేరు. ఇందాక చెప్పిన జతలు ఎన్ని చెదిరాయో లెక్కపెట్టుకో.

ఆ స్థితిలో మిషిగన్ వచ్చింది. వాళ్ళ డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్. తర్వాతి డ్రాఫ్ట్‌లో ఒకరు 5వ, ఇంకొకరు 13వ స్థానంలో వెళ్ళారు. ఒహాయో స్టేట్ ఆ రోజు మళ్ళీ మళ్ళీ ఆ ఇద్దరి మీదకే, మధ్యలోకే రన్ చేసింది. 26 రన్‌లకు 77 యార్డులు, 13-10తో ఓటమి. లైన్ మధ్యభాగం ఆ ఇద్దరి చేతిలో ఓడిపోయిందన్నది నిజం, దాన్ని నేను దాచను. డబుల్ టీమ్ పెట్టినా కదలని ప్లేలు ఉన్నాయి. కానీ జట్టులో అందరికన్నా తక్కువ రోజులు కలిసి ఆడిన ముగ్గురిని, దేశంలోనే బలమైన జంట మీదకి, అన్నిసార్లు పంపింది సైడ్‌లైన్. మిషిగన్‌లో రిసీవర్లని కాసే ముఖ్య కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ ఆ రోజు ఆడనే లేదు. బయట జెరమాయా స్మిత్ లాంటి రిసీవర్ ఉన్నాడు. నా లెక్కలో ఆ ఓటమిలో లైన్ వాటా ఎంతో ప్లే ఎంపిక వాటా కూడా అంతే.

మూడు వారాల తర్వాత, డిసెంబర్ 21న టెనెసీ ఆట చూడు. మొదటి నుంచి బంతి బయటికి. క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ 29 పాస్‌లలో 24 అందించి 311 యార్డులు చేశాడు, 42-17. లైన్‌కి ఇచ్చిన పని మారింది. ఎదుటివాడిని ప్రతిసారీ మూడు యార్డులు తోసెయ్యమనలేదు, రెండున్నర సెకన్లు అడ్డంగా నిలబడమన్నారు. పాస్ దెబ్బకి డిఫెన్స్ వెనక్కి తగ్గింది, అప్పుడు మధ్యలో రన్ చేయడానికి జనం తగ్గారు. జాక్సన్‌కి టాకిల్‌గా ఇంకొన్ని వారాలు దొరికాయి, హింజ్‌మన్‌కి పక్కవాళ్ళతో మాట కలిసింది. ఆరెగాన్, టెక్సస్, నోటర్ డేమ్ మీద గెలుపులు ఈ రెండింటి మీదా నిలబడ్డాయి. ఆ వసంతంలో జాక్సన్‌ని మిన్నెసోటా 24వ స్థానంలో, ఆడింది ఆరు ఆటలే అయినా సిమన్స్‌ని కాన్సస్ సిటీ 32వ స్థానంలో తీసుకున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు మిషిగన్ స్కోరు చూసి కాదు, పాదాలు చూసి ఎంచుకున్నారు.

పని సంగతికి ఇంకో రుజువు చెప్పి ముందుకెళ్తాను. ఆ 2024 జో మూర్ అవార్డ్ ఒహాయో స్టేట్‌కీ టెక్సస్‌కీ కాదు, ఆర్మీకి వెళ్ళింది. దాదాపు ఎప్పుడూ రన్ చేసే జట్టు. వాళ్ళ లైన్‌ని పాస్ ప్రొటెక్షన్ అంకెలతో తూస్తే ఏమీ తేలదు. అప్పగించిన పనిని ఎంత బాగా చేశారో చూసి ఇచ్చారు, నాకు చాలా సంతోషమేసింది.

నువ్వు సొంతంగా మొదలుపెట్టాలంటే ఒక ఆటలో ఒక్క లైన్‌మన్‌నే ఎంచుకో. ఐదుగురినీ ఒకేసారి చూడాలని మొదలుపెడితే రెండో క్వార్టర్‌కే విసుగొచ్చి వదిలేస్తావు. కాగితం మీద ప్లే నంబర్, డౌన్, ఎన్ని యార్డులు కావాలి, రన్నా పాసా, అతని ఎదురుగా ఎవరు, ప్లస్సా మైనస్సా. అతను తన మనిషిని అడ్డుకున్నాడా అన్నదే ప్రశ్న, ప్లే గెలిచిందా అన్నది కాదు. అతని పని ఏమిటో నీకు తెలియని ప్లేకి గుర్తు వెయ్యకుండా ఖాళీ వదిలెయ్. అరవై డెబ్బై ప్లేలలో నూటికి ఎనభై పైన ప్లస్‌లు ఉంటే బాగా ఆడినట్టని మా కోచ్ అనేవారు. ఆ మైనస్‌లు ఎక్కడ పడ్డాయో కూడా చూడాలి. మొదటి డౌన్‌లో పోయిన ఐదు మైనస్‌లు, మూడో డౌన్‌లో క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి జారిపోయేలా చేసిన ఒక్క మైనస్ సమానం కావు. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ లాంటి చోట్ల ఇచ్చే గ్రేడ్‌లు నీ కాగితంతో పోల్చుకో. వాళ్ళు ప్రతి ప్లే చూసి వేస్తారు కాబట్టి విలువైనవే. కానీ ఆ ప్లేలో ఎవరి మనిషి ఎవరో జట్టు గదిలో ఉన్నవాళ్ళకే కచ్చితంగా తెలుస్తుంది.

ఈ వారాంతం ముందుగా ఫైనల్ చివరి నిమిషాలు పెట్టు. 31-23, నోటర్ డేమ్ మీదకి వస్తోంది, ఒహాయో స్టేట్‌కి మూడో డౌన్, 11 యార్డులు కావాలి. హవర్డ్ వెనక్కి తగ్గి జెరమాయా స్మిత్‌కి దూరంగా వేశాడు, 56 యార్డులు, ఆ తర్వాత ఫీల్డ్ గోల్‌తో 34-23. ఆ క్యాచ్ నువ్వు ఇప్పటికే పదిసార్లు చూసి ఉంటావు. ఈసారి స్మిత్ వైపు చూడకు. ఎడమ చివర జాక్సన్ పాదాల మీద కన్ను పెట్టి, బంతి హవర్డ్ చెయ్యి వదిలేదాకా తీయకు. ఏం కనపడిందో ఇక్కడే రాయి, ఇద్దరం కలిసి మార్కులు వేద్దాం.